బైపీసీ అంటే నీట్ ఒక్కటేనా?

దిల్‌సుఖ్‌నగర్‌లో బైపీసీ అనగానే మన నోట వచ్చే మాట నీట్. ఎంబీబీఎస్ సీటు రాకపోతే ‘పోనీ, అగ్రికల్చర్ బీఎస్సీ’ అంటాం. ఆ ‘పోనీ’ గురించే ఈ నెల మీతో మాట్లాడాలనుకుంటున్నాం.

కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉన్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఇప్పుడది బాటసింగారం వెళ్లిపోయింది. తోటలో బాగున్న మామిడికాయ మార్కెట్‌కొచ్చేసరికి ఎందుకు పాడవుతుందని మీ పాప అడిగితే, అది సైన్సు ప్రశ్నే కాదు, వ్యాపార ప్రశ్న కూడా. కోత, ప్యాకింగు, రవాణా, కార్బైడు లేకుండా మాగబెట్టడం... ప్రతి చోటా ఒక కొత్త కంపెనీకి పని ఉంది.

అయితే ఆలోచన ఒక్కటే చాలదు. యాప్‌లో తప్పుంటే ఆ రాత్రే సరిచేయొచ్చు. పంట మీద ప్రయోగం తప్పితే మళ్లీ వానాకాలమో యాసంగో రావాలి. మామిడికైతే ఏడాది ఆగాల్సిందే. ఆ ఎదురుచూపులో పొలం, ల్యాబు, తప్పు ఎక్కడుందో చెప్పే శాస్త్రవేత్త, కొంత డబ్బు అందుబాటులో ఉండాలి. ఇంక్యుబేటర్ చేసే పని అదే.

ఎల్బీనగర్ నుంచి ఇన్నర్ రింగ్ రోడ్డు మీద ఆరాంఘర్ వైపు వెళ్తే రాజేంద్రనగర్ వస్తుంది. అక్కడి నార్మ్‌లో ఎ-ఐడియా, జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో 2021లో మొదలైన అగ్‌హబ్ ఉన్నాయి. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో ఇలాంటి కేంద్రం 2003లోనే వచ్చింది. కేంద్ర ప్రభుత్వ ఆర్‌కేవీవై పథకం కింద ఆలోచన దశలో రూ.5 లక్షల వరకు, ఆ తర్వాతి దశలో రూ.25 లక్షల వరకు గ్రాంటు ఉంది. అప్పు కాదు. కాకపోతే అడిగినవారందరికీ రాదు, వడపోత ఉంటుంది.

2015లో మొదలైన ఖేతి సంస్థను చూడండి. చిన్న రైతుకు అందే ధరలో గ్రీన్‌హౌస్ తయారుచేసి తెలంగాణ పల్లెల్లో పెట్టింది. 2022లో ఎర్త్‌షాట్ బహుమతి కింద పది లక్షల పౌండ్లు అందుకుంది. మధ్యలో ఏడేళ్లు! మన ఇళ్లలో ‘ఇంకా సెటిల్ కాలేదా?’ అనే మాట రెండో ఏడే మొదలవుతుంది. అందుకే జీతం రాని కాలం ఎన్నేళ్లు భరించగలమో ముందే పిల్లలతో కూర్చుని లెక్క వేసుకోండి. కుదరకపోతే బ్యాంకుల్లో వ్యవసాయ క్షేత్రాధికారి వంటి ఉద్యోగాలకు ఆ డిగ్రీ ఎలాగూ పనికొస్తుంది.

ఈ సీట్లకు చూసేది నీట్ కాదు, ఎప్‌సెట్ ర్యాంకు. ఎంపీసీ పిల్లలకు ఫుడ్ టెక్నాలజీ, అగ్రికల్చరల్ ఇంజినీరింగ్ బీటెక్‌లు ఉన్నాయి. కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు హాస్టల్, ఫీజు అడిగాక ఇంకో రెండు ప్రశ్నలు అడగండి: చివరి ఏడాదిలో పిల్లలు ఎన్ని వారాలు పల్లెలో రైతుల దగ్గర ఉంటారు? ఇంక్యుబేటర్ తలుపు డిగ్రీ పిల్లలకూ తెరిచి ఉంటుందా?