శూన్యమును కొలుచు సాధనము: ఎంపిక

శూన్యమనగా ఏమియు లేకపోవుట అని మనము సామాన్యముగా చెప్పుకొందుము. భౌతికశాస్త్రమున దాని అర్థము వేరు. ఒక పాత్రలోని వాయుపీడనము వాతావరణ పీడనముకంటె తక్కువైనచో దానిని శూన్యమనియే వ్యవహరింతురు. వాతావరణ పీడనము 760 మిల్లీమీటర్ల పాదరస స్తంభమునకు సమానము. అందు ఒక మిల్లీమీటరును ఇటలీ శాస్త్రజ్ఞుడు టారిసెల్లీ పేర ‘టార్’ అందురు. 760 టార్ మొదలుకొని ఒక టార్‌లో నూరు కోట్లవ వంతు వరకు గల పీడనములను నేటి ప్రయోగశాలలందు కొలువవలసి యున్నది. ఇంతటి పరిధికి ఏ ఒక్క సాధనమును చాలదు. కనుకనే ఎంపిక అవసరమగుచున్నది.

ఈ సాధనములు రెండు తెగలు. మొదటి తెగవి పీడనము కలిగించు బలమునే కొలుచును. బోర్డన్ గేజి, పాదరస మానోమీటరు, పలుచని లోహపు పొర వంగుటనుబట్టి పనిచేయు కెపాసిటెన్స్ మానోమీటరు ఇట్టివి. వాయువు ఏదైనను వీని కొలతలో భేదముండదు.

రెండవ తెగవి పీడనమును పరోక్షముగా తెలుపును. 1906లో పిరానీ రూపొందించిన గేజిలో ఒక వేడి తీగ యుండును. వాయు అణువులు తగ్గినకొలది తీగనుండి పోవు వేడియు తగ్గును. తీగ నిరోధము మారును. ఇది సుమారు 10 టార్ నుండి టార్‌లో వెయ్యవ వంతు వరకు ఉపకరించును. అంతకు దిగువ అయనీకరణ గేజి కావలెను. దానిని పీడనము తగినంత తగ్గకమునుపే వెలిగించినచో ఫిలమెంటు కాలిపోవును.

పిరానీ గేజిని సాధారణముగా నత్రజనితో క్రమాంకనము చేయుదురు. నీటియావిరి వేడిని గ్రహించు తీరు వేరగుటచే, ఆవిరియందు అది అసలు పీడనముకంటె సుమారు 1.6 రెట్లు చూపును. ఇది దోషమే, కాని తెలిసినవానికి ఉపకారమగును. పసిబిడ్డలకు వేయు బి.సి.జి. టీకామందును గడ్డకట్టించి, శూన్యమున మంచును నేరుగా ఆవిరిగా మార్చి ఆరబెట్టుదురు. ఇట్టి యంత్రములందు పిరానీ గేజిని, కెపాసిటెన్స్ మానోమీటరును ప్రక్కప్రక్కన అమర్చుట కలదు. మంచు మిగిలియున్నంతవరకు పిరానీ అంకె హెచ్చుగా నుండును. మంచు హరించినపుడు రెండు అంకెలును దగ్గరకు వచ్చును. అంతకుముందే వేడి హెచ్చించినచో మందు కరగి కుంగి చెడవచ్చును. ఒక్క పిరానీ గేజిని మాత్రమే నమ్మి, దాని అంకెయే అసలు పీడనమనుకొన్నవాడు ఇచ్చట మోసపోవును.

కావున సాధనమును కొనుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెనని మా మనవి. కొలువవలసిన పరిధి ఎంత? పాత్రలోని వాయువు ఏది? ఆ వాయువు గాని, పంపునుండి వచ్చు నూనె యావిరి గాని సాధనమును చెరచునా? రోటరీ పంపుతో సాగు కళాశాల ప్రయోగములకు పిరానీ గేజి చాలును. డిఫ్యూజన్ పంపు ఉన్నచోట అయనీకరణ గేజియు కావలెను. ఖరీదైనదెల్ల తగినది కాదు. ముల్లు చూపు అంకెను వ్రాసికొనుటకు ముందు ఆ సాధనము నిజముగా దేనిని కొలుచుచున్నదో విద్యార్థులు విచారింతురుగాక!