జాజ్ రికార్డుకు జాతకం

జాతకాల మీద నాకు నమ్మకం లేదు. అయినా కొన్నేళ్ళుగా సెలవు దినాలలో నేను చేస్తున్న పని జాతకం వేయడానికి చాలా దగ్గరగా ఉంటుంది. పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, ఆ సమయాన దగ్గర ఉన్నవారి పేర్లు సేకరించి, సరిచూసి, నోటు పుస్తకంలో రాసుకుంటాను. అయితే నా జాతకులు మనుషులు కారు. నిమిషానికి 78 చుట్లు తిరిగే నల్లని పాత జాజ్ రికార్డులు.

ఈ వ్యసనం ఒక గరాజ్ సేల్‌లో ప్రారంభమైంది. పగిలిన పూలకుండీల పక్కన ఒక అట్టపెట్టెలో విక్టర్ కంపెనీ వారి 18255 నంబరు రికార్డు కనిపించింది. ఒక వైపు "లివరీ స్టేబుల్ బ్లూస్", రెండవ వైపు "డిక్సీలాండ్ జాస్ బ్యాండ్ వన్ స్టెప్". వాయించినవారు ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బ్యాండ్ అనే అయిదుగురు తెల్లవారి బృందం. న్యూ ఆర్లియన్స్ నుండి వచ్చిన ఈ అయిదుగురూ 1917 ఫిబ్రవరి 26న న్యూయార్కులో దీనిని వాయించారు. జాజ్ సంగీతంలో విడుదలైన మొట్టమొదటి రికార్డు ఇదేనని చరిత్రకారుల మాట. రెండు డాలర్లకు చరిత్ర చేతికి వచ్చిందన్న గర్వంతో, పాత రికార్డుల సేకర్తలు నెలకొకసారి కలిసే సమావేశానికి దానిని తీసుకువెళ్ళి, మొదటి ముద్రణ అని ప్రకటించాను. అక్కడి పెద్దాయన ఒకరు కళ్ళద్దాలు సవరించుకొని, లేబులు ఒక్కసారి చదివి, ఇది మొదటి ముద్రణ కాదని మృదువుగా చెప్పి రికార్డును నా చేతిలో పెట్టారు. ఆయన ఏమి చూశారో చివర చెబుతాను. ప్రయోగశాలలో ఇరవై ఏళ్ళు గడిపినవాడికి, సీసా మీది చీటీని సరిగా చదవలేదని ఎవరో అన్నట్లయింది.

రికార్డు మీద తేదీ ఉంటే ఈ తంటా లేకపోయేది. కాని ఆనాటి లేబుళ్ళ మీద పాట పేరు, బృందం పేరు, కంపెనీ ముద్ర ఉంటాయి గాని సంవత్సరం దాదాపుగా ఉండదు. సరుకు పాతదని కొనేవాడికి తెలియడం అమ్మేవాడికి లాభం కాదు కాబోలు! ఉండేవి రెండు అంకెలు. ఒకటి లేబులు మీద అచ్చయిన కేటలాగు నంబరు. అది దుకాణదారు కోసం. రెండవది లేబులుకు చుట్టూ ఉండే నున్నని వలయంలో గీసినదో పొడిచినదో అయిన మాట్రిక్స్ నంబరు. అది కార్ఖానా కోసం. మా అమ్మాయి దీపాన్ని ఏటవాలుగా పట్టుకుంటే భూతద్దంతో దానిని చదువుతాను.

ఈ రెండవ నంబరు విలువ తెలియాలంటే రికార్డు ఎలా తయారయ్యేదో తెలియాలి. వాద్యగాళ్ళు ఒక గరాటు ముందు వాయిస్తే, సూది కదిలి మెత్తని మైనపు ఫలకం మీద గాడి చెక్కేది. మైనం విద్యుత్తును ప్రసరింపజేయదు కనుక దాని మీద గ్రాఫైటు వంటి పొడి చల్లి, రాగి లవణాల తొట్టిలో ఉంచి విద్యుల్లేపనం చేసేవారు. అలా ఏర్పడిన లోహపు అచ్చునుండి "తల్లి", తల్లి నుండి అసలు రికార్డులను నొక్కే అచ్చులు పుట్టేవి. మైనం మీద వేసిన నంబరు ఈ తరాలన్నిటికీ సంక్రమిస్తుంది. అదే పాటను మళ్ళీ వాయిస్తే నంబరు చివర అంకె గాని అక్షరం గాని మారుతుంది. పదేళ్ళ తరువాత ముద్రించినా మాట్రిక్స్ నంబరు ధ్వనిముద్రణ జరిగిన రోజునే చెబుతుంది. లేబులు మాత్రం ముద్రించిన రోజును చెబుతుంది. నేను పొరబడినది సరిగ్గా ఇక్కడే.

ఒక్క రికార్డుకు ఎన్ని తేదీలు ఉండవచ్చునో చూడండి. ఓకే అనే కంపెనీ వారి 8320 నంబరు రికార్డు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ నడిపిన హాట్ ఫైవ్ బృందానిది. ఒక వైపు "మై హార్ట్", మాట్రిక్స్ 9484; దానిని 1925 నవంబరు 12న చికాగోలో వాయించారు. రెండవ వైపు "కార్నెట్ చాప్ స్యూయీ". అది 1926 ఫిబ్రవరి 26 నాటిది. ఒకే పళ్ళానికి రెండు ముఖాలు, వాటి మధ్య మూడున్నర నెలల ఎడం. ఇక్కడితో అయిపోలేదు. "కార్నెట్ చాప్ స్యూయీ" స్వరాలను ఆర్మ్‌స్ట్రాంగ్ స్వహస్తంతో కాగితం మీద రాసి 1924 జనవరిలోనే కాపీరైటు కోసం వాషింగ్టన్‌కు పంపాడు. ఆ కాగితం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది. జాజ్ విద్వాంసుడు అప్పటికప్పుడు మనోధర్మంతో అల్లుకుపోతాడని మనం అనుకుంటాము. ఆ కాగితాన్ని, రెండేళ్ళ తరువాతి రికార్డును పక్కపక్కన పెట్టి చూసిన పండితులు, సొలో భాగంలో అధికాంశం ముందే కూర్చుకున్నదని గ్రహించారు. ఇరవైరెండేళ్ళ యువకుడు ఆ ఘట్టాన్ని స్వరకర్తగా కూర్చుకొన్నాడని తెలిసింది ఒక తేదీ వలననే.

అన్ని కంపెనీల చిట్టాలూ దొరకవు. విక్టర్ చిట్టాలు చాలవరకు భద్రంగా ఉన్నాయి. వాటిలోని వివరాలను ఇప్పుడు సాంటా బార్బరా లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు అందరికీ అందుబాటులో ఉంచారు. విస్కాన్సిన్ లోని ఒక కుర్చీల కంపెనీ తన అనుబంధ వ్యాపారంగా నడిపిన పారమౌంట్ సంగతి దీనికి భిన్నం. నల్లజాతి గాయనీగాయకుల అపూర్వమైన సంపద అందులో ఉంది, చిట్టాలు మాత్రం చాలవరకు లేవు. అటువంటి చోట పరిశోధకులు "చికాగో డిఫెండర్" పత్రికలో పడిన ప్రకటనలు తిరగవేసి, ఏ వారం ఏ రికార్డు అమ్మకానికి వచ్చిందో చూసి, అక్కడినుండి వెనుకకు లెక్కిస్తారు.

ఈ లెక్క రసాయన శాస్త్రజ్ఞులకు చిరపరిచితం. తెలిసిన గాఢతలు గల ద్రావణాలతో ఒక రేఖ గీసి, తెలియని ద్రావణం ఆ రేఖ మీద ఎక్కడ పడుతుందో చూడడమే కదా మన నిత్యకృత్యం! ఇక్కడ ఒక అక్షం మీద మాట్రిక్స్ నంబర్లు, మరొక అక్షం మీద తేదీలు. నిశ్చయంగా తెలిసిన రెండు తేదీల నడుమ నంబరు పడితే, ఆ రికార్డు ఆ రెండు తేదీల నడుమే పుట్టి ఉండాలి. అయితే రేఖ ఎక్కడ తెగిందో తెలియకపోతే మోసపోతాము. కంపెనీలు ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క వరుస నంబర్లు కేటాయించేవి. ఒక వరుస అయిపోతే హఠాత్తుగా వేలకు వేలు దాటి మరొక వరుసకు గెంతేవి. రెండు వరుసలను ఒకే రేఖ అనుకొన్నవాడు, రెండు వేరు ద్రావకాల కొలతలను కలిపివేసిన విద్యార్థి వంటివాడు.

ఈ పద్ధతికి అన్నిటికన్నా గొప్ప విజయం అదే డిక్సీలాండ్ బృందం విషయంలో లభించింది. వారు విక్టర్‌కంటే ముందు, 1917 జనవరి 30న, కొలంబియా కంపెనీలో "డార్క్‌టౌన్ స్ట్రటర్స్ బాల్", "ఇండియానా" వాయించారని, కొలంబియా వారు ఆ గోలకు బెదిరి రికార్డును అటక ఎక్కించారని, విక్టర్ రికార్డు విపరీతంగా అమ్ముడుపోయాక హడావిడిగా కిందికి దించారని ఒక కథ దశాబ్దాలపాటు చెలామణి అయింది. 1960లో వెలువడిన ఆ బృందం చరిత్రలో కూడా అదే కథ ఉంది. కథ బాగుంది. తప్పు చేసిన కంపెనీ, చివరకు గెలిచిన కళాకారులు – సినిమాకు సరిపోతుంది. కాని కొలంబియా వారి ఏ2297 రికార్డు మీద మాట్రిక్స్ నంబర్లు 77086, 77087. కంపెనీ పత్రాలు చూస్తే ఆ నంబర్లు 1917 మే నెలాఖరుకు చెందినవి. జనవరిలో వారు కొలంబియా గుమ్మం తొక్కి పరీక్షకు వాయించి ఉండవచ్చు. విడుదలకు నోచుకున్న రికార్డు మాత్రం నాడు పుట్టినది కాదు. ఒక పుస్తకమంత కథ అయిదంకెల సంఖ్య ముందు నిలువలేకపోయింది.

ఈ విద్యకు డిస్కోగ్రఫీ అని పేరు. పారిస్‌లో షార్ల్ దెలోనే 1936లోనే "హాట్ డిస్కోగ్రఫీ" ప్రచురించాడు. బ్రిటన్‌లో బీబీసీ రికార్డుల గ్రంథాలయంలో పనిచేసిన బ్రయన్ రస్ట్ 1961లో తొలిసారి వెలువరించిన జాజ్ రికార్డుల పట్టిక ఈనాటికీ సేకర్తల చేతిపుస్తకం. ఇద్దరూ అమెరికనులు కారు. తన ఇంటి సంగీతానికి అమెరికా విశ్వవిద్యాలయాలు ఇంకా పీట వేయని రోజులలో, సముద్రానికి ఆవలివారు పట్టికలు రాస్తూ కూర్చున్నారు. పెరటి చెట్టు సంగతి ఇక్కడా అంతే.

నంబరు అరిగిపోయినా పదార్థం సాక్ష్యం చెబుతుంది. 1925 వసంతంలో విక్టర్, కొలంబియా కంపెనీలు గరాటును వదలి మైక్రోఫోను పట్టుకొన్నాయి. ఆ తరువాతి విక్టర్ రికార్డుల మీద కోడిగుడ్డు ఆకారపు గీతలో "వి.ఇ." అనే అక్షరాలు కనిపిస్తాయి. ఆ ముద్ర ఉన్న రికార్డును 1923 నాటిదని ఎవరైనా అంటే నమ్మవద్దు.

ఇక ఆ పదార్థం మన దేశపుదే. పళ్ళెంలో అధికభాగం సున్నపురాయి, పలకరాయి పొడి, మసి, కొంత నూలు పీచు. వీటిని బంధించి ఉంచేది పావువంతుకు అటూ ఇటూగా ఉండే లక్క. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద లక్క పురుగు స్రవించే ఈ జిగురు ఆనాడు ప్రపంచానికి ప్రధానంగా భారతదేశం నుండే, ముఖ్యంగా ఛోటానాగపూర్ అడవుల నుండి వెళ్ళేది. మా ఇంటి అలమరలో ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డు పక్కనే ఏటికొప్పాక బొమ్మ ఒకటి ఉంది. రెండింటికీ మెరుపునిచ్చింది ఒకే పురుగు.

రసాయనికంగా లక్క అల్యూరిటిక్ మొదలైన ఆమ్లాల ఎస్టరు. ఆల్కహాలులో చక్కగా కరుగుతుంది. ఈ సంగతి పాఠం చెప్పగలిగిన నేనే, ఒకనాడు పరధ్యానంలో ఆల్కహాలు తడిపిన గుడ్డతో ఒక రికార్డును తుడిచి, గాడులను మసకబార్చాను. డాక్టరేటు పటం గోడమీద నుండి చూస్తూనే ఉంది. తాతగారి నాటి రికార్డులు ఇంటిలో ఉన్నవారు ఆ పని చేయవద్దు. నీటిలో రెండు చుక్కల పాత్రల సబ్బు, మెత్తని గుడ్డ చాలు. లేబులును మాత్రం తడపకూడదు.

యుద్ధకాలంలో ఈ లక్కే రికార్డుల పాలిట శాపమైంది. ఆసియాలో యుద్ధం వలన దిగుమతి సందేహంలో పడడంతో 1942 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం రికార్డులకు వాడే లక్కలో 70 శాతం కోత విధించింది. కొత్త రికార్డు కావాలంటే పాతవి తెచ్చి ఇవ్వండని దుకాణాలు అడిగాయి. ఎవరూ మళ్ళీ ముద్రించని 1920ల నాటి రికార్డులు అలా ఎన్నో కరిగిపోయాయి. అదే ఏడాది ఆగస్టు 1న వాద్యకారుల సంఘం ధ్వనిముద్రణను బహిష్కరించింది. పెద్ద కంపెనీలైన విక్టర్, కొలంబియా 1944 నవంబరు వరకు దిగిరాలేదు. బీబాప్ అనే కొత్త జాజ్ రూపుదిద్దుకొన్న కాలం సరిగ్గా ఇదే కావడం వలన ఆ శైలి బాల్యం రికార్డులకు ఎక్కలేదు.

లక్క వెళ్ళిన దారినే జాజ్ తిరిగి వచ్చింది కూడా. 1926 మే 28న చికాగోలో ఎర్స్‌కిన్ టేట్ బృందంతో ఆర్మ్‌స్ట్రాంగ్ వాయించిన రికార్డులో పియానో ముందు కూర్చున్నవారిలో టెడ్డీ వెదర్‌ఫర్డ్ ఒకడు. తరువాత అతడు ఆసియాకు వచ్చి, బొంబాయి తాజ్‌మహల్ హోటలులో, కలకత్తాలో వాయించి, కలకత్తాలోనే రికార్డులు ఇచ్చి, 1945లో అక్కడే కలరాతో కన్నుమూశాడు.

తేదీల వల్ల ఒరిగేదేమిటని అడిగే మిత్రులకు చట్టం చూపిస్తాను. అమెరికాలో 2018లో వచ్చిన చట్టం ప్రకారం 1923కు ముందు విడుదలైన ధ్వనిముద్రణలన్నీ 2022 జనవరి 1న ప్రజల సొత్తయ్యాయి. 1923 నాటివి 2024లో. ఆర్మ్‌స్ట్రాంగ్ తొలిసారిగా వాయించిన కింగ్ ఆలివర్ రికార్డులు వీటిలోనివే. 1923 ఏప్రిల్ 5, 6 తేదీలలో, ఇండియానా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో, రైలు పట్టాల పక్కనున్న జెన్నెట్ స్టూడియోలో అవి పుట్టాయి. రైలు వస్తే వాయిద్యం ఆపవలసివచ్చేదట. అయితే చట్టం లెక్కించేది విడుదలైన ఏడు, వాయించిన ఏడు కాదు. పైన చెప్పిన "మై హార్ట్"ను 1925లో వాయించినా, దాని వెనుక వైపు పాట 1926లో గాని పుట్టలేదు. కనుక ఆ పళ్ళెం 1926కు ముందు విడుదలై ఉండడానికి వీలు లేదు, 2027 జనవరికి ముందు అది ప్రజల సొత్తు కాదు.

నా రెండు డాలర్ల రికార్డు దగ్గరకు వద్దాము. "వన్ స్టెప్" ఉన్న వైపు, పాట పేరు కింద చిన్న అక్షరాలలో మరొక పాట పేరు కూడా ఉంది: "దట్ టీజిన్ రాగ్". అది నల్లజాతి స్వరకర్త జో జోర్డన్ 1909లో ప్రచురించిన రచన. డిక్సీలాండ్ వారు తమ సొంతమని చెప్పుకొన్న బాణీలో ఒక భాగం ఆయనదేనని తేలడంతో, విక్టర్ వారు తరువాతి ముద్రణల లేబులు మీద ఆ పేరు చేర్చవలసివచ్చింది. తొలి ముద్రణలలో అది లేదు. సేకర్తలు ఆ పేరు లేని ప్రతికే ఎక్కువ ధర ఇస్తారు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి నోటు పుస్తకంలో "మొదటి ముద్రణ" అన్న మాట కొట్టివేశాను. ధ్వనిముద్రణ తేదీ మారలేదు: 1917 ఫిబ్రవరి 26. స్వరకర్తల గడిలో మాత్రం జో జోర్డన్ పేరు చేర్చి, పక్కన 1909 అని రాశాను.