ఫ్లాపులు మొరాయిస్తే

హైదరాబాదు పాతబస్తీలో ఒక బేకరీ కార్మికుని కుమార్తె సయ్యదా సల్వా ఫాతిమా. పైలట్ కావాలన్నది ఆమె చిన్ననాటి కల. దాతల సాయంతో ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీలో చేరి, చిన్న విమానాలపై శిక్షణ పొంది, 2013లో వాణిజ్య పైలట్ లైసెన్సు సాధించారు. మన దేశంలో ఈ లైసెన్సు పొందడానికి 200 గంటల విమానయానం అవసరం. అందులో కనీసం 100 గంటలు విమానం బాధ్యత అంతా అభ్యర్థిదే. పక్కన శిక్షకుడు లేనప్పుడు యంత్రం మొరాయిస్తే దారి చూపేది నేర్చుకొన్న విద్య ఒక్కటే. ప్రతి శిక్షణార్థీ అందుకు ముందుగానే సిద్ధం కావలసిన ఆపదలలో ఫ్లాపుల వైఫల్యం ఒకటి.

రెక్క వెనుక అంచున, విమాన దేహానికి చేరువగా, కిందికి వంగే పలకలను ఫ్లాపులు అంటారు. విమానాన్ని దించేటప్పుడు పైలట్ వీటిని అంచెలంచెలుగా కిందికి వంచుతారు. అప్పుడు రెక్క వంపు పెరిగి, తక్కువ వేగంలోనూ విమానాన్ని మోయగల బలం కలుగుతుంది. గాలి నిరోధం కూడా పెరుగుతుంది కనుక, వేగం హెచ్చకుండానే విమానం ఏటవాలుగా దిగగలదు.

శిక్షణకు వాడే సెస్నా 152, 172 విమానాలలో సాధారణంగా విద్యుత్ మోటారు ఫ్లాపులను కదుపుతుంది. మోటారు చెడినా, విద్యుత్ సరఫరా ఆగినా అవి కదలవు. అంతమాత్రాన విమానం కూలిపోదు. ఫ్లాపులు లేకుండా దిగడం శిక్షణలో నేర్పే పాఠమే. వేగాన్ని గంటకు సుమారు 10 కిలోమీటర్లు ఎక్కువగా ఉంచి, వాలు తగ్గించి దిగాలి. నేల తాకిన తరువాత విమానం మరింత దూరం పరుగెత్తుతుంది కనుక పొడవైన రన్‌వేను ఎంచుకోవాలి.

ఒక వైపు ఫ్లాపు మాత్రమే వంగితే ప్రమాదం ఎక్కువ. రెండు రెక్కల బలం సమానంగా ఉండదు కనుక విమానం ఒక పక్కకు ఒరుగుతుంది. అప్పుడు పైలట్ వెంటనే మీటను వెనుకటి స్థానానికి తెచ్చి, విమానాన్ని నిలకడగా ఉంచాలి.

ఏ వైఫల్యంలోనైనా తొందరపాటు తగదు. నేల సమీపిస్తున్నప్పుడు మీటతో పెనుగులాడుతూ వేగాన్ని గమనించకపోవడమే అసలైన ముప్పు. వేగం మితిమీరి తగ్గితే రెక్క విమానాన్ని మోయలేదు. అందుచేత ముందు విమానాన్ని అదుపులో ఉంచుకోవాలి. అవసరమైతే తిరిగి పైకి లేవాలి. తరువాత మార్గం నిర్ణయించుకోవాలి. ఆపైన కంట్రోల్ టవరుకు తెలియజేయాలి. నేలమీద పలుమార్లు సాధన చేసిన ఈ క్రమమే ఆకాశంలో ఒంటరి పైలట్‌కు అండ.