మీకు తెలుసా? పట్టుపురుగుకు తేమ కావాలి, తేమే గండం

హిందూపురం, పెనుకొండ వైపు పట్టుపురుగుల షెడ్లలో రైతు కన్ను ఎప్పుడూ గాలిలో తేమ మీదే. చాకీ పురుగులకు, అంటే లేత వయసు పురుగులకు, 80 నుంచి 90 శాతం ఉండాలి. లేకపోతే తరిగి వేసిన లేత మల్బరీ ఆకు ఇట్టే వాడిపోతుంది. పెద్ద పురుగులకు 70 చాలు. అంతకు మించి తేమ పెరిగి, చలి కూడా తోడైతే సున్నపుకట్టు రోగం పొంచి ఉంటుంది. చచ్చిన పురుగు సుద్దముక్కలా బిగుసుకుపోయి, ఒళ్లంతా తెల్లటి బూజు పట్టేస్తుంది. ఆ బూజు పొడి గాలికి లేచిందా, పక్క తట్టలకూ చేటే. అందుకే తెల్లబడకముందే ఏరి కాల్చేయాలి. పురుగులు జ్వరానికి కూర్చున్నప్పుడు, అంటే పొర విడిచే వేళ, పడక మీద పొడి సున్నం చల్లేది తడి పీల్చడానికే.

ఈ రోగానికి మూలం బూజేనని 1835లో ఇటలీకి చెందిన అగొస్తీనో బస్సీ తేల్చాడు, సూక్ష్మజీవుల శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ కంటే ముందే! విడ్డూరం ఏమిటంటే, బవేరియా బాసియానా అనే ఆ బూజునే ఇతర పంటల పురుగులకు జీవ మందుగా దుకాణాల్లో అమ్ముతారు. మల్బరీ తోట దరిదాపుల్లో మాత్రం కొట్టకూడదు. ధర్మవరం మగ్గానికి పట్టు దారం చేరాలంటే ముందు పురుగు బతకాలి కదా.