పడవకు ఏ ఇంజను మేలు?

సంక్రాంతి సెలవులకు మేము నలుగురం గిలకలదిండిలోని మా సహవిద్యార్థి ఇంటికి వెళ్లాం. ఆ ఇంట్లో పండుగ మాటల కంటే ఇంజను మాటలే ఎక్కువగా వినిపించాయి. వాళ్ల ఫైబర్ పడవ ఇంజను ఇక పనికిరాదని మెకానిక్ తేల్చేశాడు. కొత్తది కొనాలంటే చేపలు కొనే సేటు దగ్గర అడ్వాన్సు తీసుకోవాలి. బాకీ తీరేదాకా పడిన చేపంతా ఆయన చెప్పిన ధరకే ఇవ్వాలి. మిత్రుని నాన్నగారు మమ్మల్ని చూసి, "చదువుకుంటున్నోళ్లు గదా బాబూ, ఏది కొనమంటారో మీరే చెప్పండి" అన్నారు. మాలో ఒక్కరికీ నోరు పెగల్లేదు. న్యూటన్ మూడో సూత్రాన్ని పరీక్షలో తప్పు లేకుండా రాసి వచ్చినవాళ్లమే! ఆ సిగ్గుతోనే తిరిగి వచ్చాక సైన్సు మాస్టారిని, హార్బరు మెకానిక్‌లను అడిగి, పుస్తకాలు చూసి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

పడవ ఏదైనా సూత్రం ఒక్కటే. నీటిని వెనక్కి నెడితే పడవ ముందుకు పోతుంది. తెడ్డు చేసే పని అదే. గెడ మాత్రం నీటిని కాక నేలను నెడుతుంది, అందుకే లోతు పెరిగితే గెడకు పని లేదు. మరపడవలు వచ్చిన కొత్తలో నీటిని నెట్టడానికి పక్కల పెద్ద చక్రాలు ఉండేవి. ఈ చక్రం సంగతి గుడివాడ వైపు మిత్రులకు వేరే చెప్పక్కర్లేదు. చెరువుల్లో తిరిగే ఏరియేటరును చూడండి. కట్టిన తాడు విప్పేస్తే అది తనంతట తానే చెరువులో నడిచిపోతుంది. ప్రొపెల్లర్ వచ్చాక ఈ రెండింటిలో ఏది మేలన్న వాదన చాలాకాలం సాగింది. 1845లో బ్రిటిష్ నౌకాదళం ప్రొపెల్లర్ ఉన్న 'రాట్లర్'ను, చక్రాలున్న 'అలెక్టో'ను వెనుక భాగాలు కలిపి కట్టి, ఎదురెదురు దిక్కులకు లాగించింది. రాట్లర్ రెండోదాన్ని వెనక్కి ఈడ్చుకుపోయింది. అప్పటినుంచి ప్రొపెల్లర్‌దే రాజ్యం.

ఇక మన తీరానికి వద్దాం. హార్బరులో కనిపించే పెద్ద మరబోట్లలో డీజిల్ ఇంజను బోటు లోపలే అడుగున ఉంటుంది. అక్కడినుంచి ఒక ఇనుప షాఫ్టు వెనుక భాగంలోంచి నీటిలోకి దిగుతుంది. దాని చివర ప్రొపెల్లర్, ఆ వెనుక చుక్కాని. ఇది పాత పద్ధతి. బరువెక్కువ, కానీ గేరు సాయంతో పెద్ద ప్రొపెల్లర్‌ను నెమ్మదిగా తిప్పుతుంది. వల లాగడానికి కావలసిన బలం అలాగే వస్తుంది. చెడిపోతే మన ఊరి మెకానిక్కే బాగు చేస్తాడు. చిక్కల్లా లోతుతోనే. మొగ దగ్గర మేట వేసినప్పుడు ఈ బోట్లు పోటు కోసం గంటల తరబడి కాచుకుని ఉండాల్సిందే.

చిన్న ఫైబర్ పడవలకు రెండు దారులున్నాయి. ఒకటి అవుట్‌బోర్డు మోటారు. తేలిగ్గా ఉంటుంది, వెనుక చెక్కకు బిగిస్తే చాలు. వేగం బాగా వస్తుంది. అయితే పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో నడుస్తుంది. టూ స్ట్రోక్ రకమైతే ఇంధనంలో ఆయిలు కూడా కలపాలి. ఫోర్ స్ట్రోక్ రకం తక్కువ తాగుతుంది గాని ధర ఎక్కువ. వేట నుంచి వచ్చిన ప్రతిసారీ మంచినీటితో లోపల కడగాలి, లేకపోతే ఉప్పు తినేస్తుంది. వేసవిలో తాగడానికే బిందెలతో బారులు తీరే ఊళ్లలో ఇంజనుకు మంచినీళ్లు ఎక్కడినుంచి తెస్తారు?

రెండోది పొడవాటి తోక ఇంజను, అంటే లాంగ్‌టెయిల్. చిన్న డీజిల్ ఇంజనుకు పొడవైన కడ్డీ, కడ్డీ చివర ప్రొపెల్లర్. మోత ఎక్కువ, ఒళ్లంతా కుదుపు. కడ్డీ ఏటవాలుగా ఉండటం వల్ల కొంత బలం వృథా అవుతుంది. కానీ పిడిని నొక్కితే ప్రొపెల్లర్ నీటిపైకి లేస్తుంది. ఇసుక దిబ్బలు, బురద, వలముక్కలు ఉన్న మన పాయల్లో ఈ ఒక్క గుణమే సగం పెట్టుబడిని కాపాడుతుందని మా అభిప్రాయం. 1979లో మొదలైన బంగాళాఖాత కార్యక్రమం నిపుణులు కూడా తూర్పు తీరపు పడవల కోసం ఇదే ఆలోచించారు. ఒడ్డుకు చేరేటప్పుడు ఇంజనుతో సహా షాఫ్టును పైకి ఎత్తేలా పడవలు తయారుచేశారు.

విదేశాల్లో ధనికులు షికారుకు వాడే మోటారు యాట్‌లలోనూ ఇదే తగవు ఉంది! వోల్వో పెంటా కంపెనీ 2005 నాటికి 'పాడ్' అనే పద్ధతిని మార్కెట్‌కు తెచ్చింది. ఏటవాలు షాఫ్టుకు బదులు పడవ అడుగున తిరిగే కాలులాంటి భాగం, దానికి ముందువైపు రెండు ప్రొపెల్లర్లు. నెట్టుడు సూటిగా వెనక్కే ఉంటుంది కాబట్టి ఇంధనం 30 శాతం దాకా ఆదా అని కంపెనీ చెబుతుంది. చుక్కాని కూడా అక్కర్లేదు, ఆ కాలే తిరుగుతుంది. అయినా చాలామంది ఇప్పటికీ పాత షాఫ్టునే కోరుకుంటారు. కారణం గిలకలదిండిలో విన్నదే: నేలకు తగిలితే ఏం విరుగుతుంది, ఎవరు బాగు చేస్తారు?

మరి కరెంటు పడవలో? ఇక్కడ మేము కాగితం మీద లెక్క వేశాం. 10 హార్స్‌పవర్ అంటే సుమారు 7.5 కిలోవాట్లు. 4 గంటలు పూర్తి బలంతో నడిస్తే 30 యూనిట్లు. డీజిలు లీటరుకు ప్రొపెల్లర్‌కు చేరేది సుమారు 3 యూనిట్లు, కాబట్టి 10 లీటర్లు చాలు. అదే లిథియం బ్యాటరీ అయితే సుమారు 200 కిలోలు కావాలి. వలలు, ఐసు, చేపలు ఎక్కడ పెట్టాలి? అందుకే సముద్రపు వేటకు అది ఇంకా దూరమే. కానీ చిన్న దూరాలకు, రోజూ ఒకే దారిలో తిరిగే పడవలకు బాగా సరిపోతుంది. కేరళలో వైకోం దగ్గర 2017 జనవరి నుంచి 'ఆదిత్య' అనే 75 మంది పట్టే సౌరశక్తి పడవ నడిచింది. కొచ్చిలో 2023లో బ్యాటరీ పడవలతో వాటర్ మెట్రో మొదలైంది. నాగాయలంక మిత్రులు ఏటిమొగ నుంచి ఎదురుమొండికి పంటు మీద దాటిన రోజులు గుర్తు చేసుకుంటే, అలాంటి రేవులకు ఇది తగినదని ఒప్పుకుంటారు.

ఇంకో మాట. ఏ ఇంజనైనా వేగం పెంచేకొద్దీ ఇంధనం ఇంతింత కాదు తాగేది. వేగం 10 నుంచి 8కి తగ్గిస్తే కావలసిన బలం సగానికి పడిపోతుంది. కాలం కొంచెం ఎక్కువ పట్టినా, ఆ ప్రయాణం మొత్తం మీద మూడో వంతు డీజిలు మిగులుతుంది.

ఈ కాగితాలన్నీ పట్టుకుని మార్చిలో మళ్లీ వెళ్లాం. మిత్రుని నాన్నగారు ఓపికగా విన్నారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లకూ మోటారు పడవలకూ వేట నిషేధం కదా, ఆ లోపల తేల్చుకుంటానన్నారు. చివరకు తోక ఇంజనే తీసుకున్నారు, అదీ కొత్తది కాదు, బాగు చేయించినది. అందుకని సేటు దగ్గర తీసుకోవాల్సిన అడ్వాన్సు అనుకున్నదానిలో సగమే అయింది. జూన్ 15న తెల్లవారక ముందే పడవ మొగ దాటిందని, మోత మాత్రం ఊరంతా వినబడిందని మా మిత్రుడు చెప్పాడు.