రోజువారీ ప్రయాణానికీ రేసు ట్రాక్‌కూ ఒకే టైరు: న్యాల్‌కల్ దారుల నేపథ్యంలో ఎంపిక ప్రమాణాల పరిశీలన

వ్యాససంగ్రహం:

రోజూ రహదారిపై తిరిగే కారును ఏడాదిలో కొన్ని రోజులు రేసు ట్రాక్‌పై నడపాలనుకునేవారు ఎదుర్కొనే మొదటి సమస్య టైర్ల ఎంపిక. ఎక్కువ పట్టునిచ్చే టైరే మంచి టైరు అనే సాధారణాభిప్రాయం ఈ సందర్భంలో సరిపోదు. టైరు ఏ ఉష్ణోగ్రత వద్ద, ఎంత తడిలో, ఎంత గాలి పీడనంతో పట్టునిస్తుందన్నదే అసలు ప్రశ్న. సంగారెడ్డి జిల్లా న్యాల్‌కల్ ప్రాంతపు దారులను ఉదాహరణగా తీసుకొని, రబ్బరు స్వభావం, నీటిపై తేలే వేగం, పీడనంలోని మార్పులు, టైరుపై ముద్రించే గుర్తుల ఆధారంగా ఈ వ్యాసం ఎంపిక ప్రమాణాలను వివరిస్తుంది.

కీలక పదాలు: టైరు, పట్టు, రబ్బరు మిశ్రమం, ట్రెడ్, గాలి పీడనం, న్యాల్‌కల్, ఫార్ములా ఈ.

1. ప్రవేశిక:

న్యాల్‌కల్ కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న మండలం. ఇక్కడి నుంచి జహీరాబాద్ చేరితే పుణె–మచిలీపట్నం 65వ నంబరు జాతీయ రహదారి కలుస్తుంది. ఆ రహదారి సదాశివపేట, సంగారెడ్డి మీదుగా హైదరాబాద్ చేరుతుంది. టైర్లతో ఈ దారికి పరిచయం కొత్తది కాదు. సదాశివపేట వద్ద ఎం.ఆర్.ఎఫ్. టైర్ల కర్మాగారం, జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారం ఉన్నాయి. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాలలో జాతీయ పెట్టుబడులు, ఉత్పాదక మండలి ప్రతిపాదితమైంది.

ఈ ప్రాంతపు వాహనదారుడు వెళ్లగల పూర్తిస్థాయి శాశ్వత రేసు ట్రాక్‌కు ఉదాహరణగా చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌ను చెప్పుకోవచ్చు. దాని చుట్టు 3.717 కిలోమీటర్లు. న్యాల్‌కల్ నుంచి అక్కడికి 700 కిలోమీటర్లకు పైగా దూరం. ట్రాక్‌పై ఒక రోజులో 25 చుట్లు తిరిగినా అది 93 కిలోమీటర్లే. రానుపోను ప్రయాణం 1,400 కిలోమీటర్లు దాటుతుంది. అంటే ట్రాక్ కోసమే బయలుదేరిన ప్రయాణంలో కూడా టైరు ట్రాక్‌పై దొర్లేది మొత్తం దూరంలో ఆరు శాతానికి కొంచెం ఎక్కువ మాత్రమే. ఎంపికకు ప్రాతిపదిక ఈ నిష్పత్తి.

2. పట్టు పుట్టే విధానం:

నాలుగు టైర్లపై సమానంగా నిలిచిన 1,200 కిలోల కారులో ఒక్కో టైరుపై 300 కిలోల భారం పడుతుంది. టైరులో 32 పి.ఎస్.ఐ. గాలి ఉంటే నేలను తాకే భాగం స్థూలంగా 133 చదరపు సెంటీమీటర్లు, అనగా అరచేయంత. బ్రేకు, మలుపు, వేగం అన్నీ ఈ నాలుగు అరచేతుల మీదుగానే సాగాలి.

ఈ స్పర్శతలంలో పట్టు రెండు విధాలుగా పుడుతుంది. మొదటిది అంటుకొనే గుణం. రబ్బరు అణుగొలుసులు రోడ్డు ఉపరితలాన్ని సూక్ష్మస్థాయిలో అంటిపెట్టుకొని విడిపోతూ ఉంటాయి. రెండవది రూపం మారి తిరిగి పూర్వరూపం పొందడంలో జరిగే శక్తి నష్టం. కంకర గరుకుల మీద రబ్బరు నొక్కుకుపోయి లేచేటప్పుడు తాను తీసుకున్న శక్తినంతా తిరిగి ఇవ్వదు. కొంత వేడిగా మారుతుంది. జారుడును ఎదిరించేది ఈ నష్టమే. రోడ్డు తడిసినప్పుడు అంటుకొనే గుణం బాగా తగ్గిపోతుంది కనుక రెండవదానిపైనే ఎక్కువగా ఆధారపడవలసి వస్తుంది.

అయితే ఇదే శక్తినష్టం టైరు దొర్లేటప్పుడు ఇంధనాన్ని వృథా చేస్తుంది. ఈ రెంటినీ వేరు చేసే అవకాశం రబ్బరు స్వభావంలోనే ఉంది. గరుకుల వల్ల కలిగే కంపనాలు చాలా వేగవంతమైనవి. చక్రం దొర్లడం వల్ల కలిగే ఒత్తిడి నెమ్మదైనది. వేగవంతమైన కంపనం ముందు రబ్బరు చల్లబడినట్లు ప్రవర్తిస్తుంది. అందుకే ప్రయోగశాలలో 0 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలిచిన నష్ట గుణకం తడి పట్టును, 60 డిగ్రీల దగ్గర కొలిచినది దొర్లుడు నిరోధాన్ని సూచిస్తాయి. 1990ల ఆరంభం నుంచి కార్బన్ బ్లాక్ స్థానంలో సిలికా వాడకం పెరగడంతో మొదటిదాన్ని పెంచుతూ రెండవదాన్ని తగ్గించడం సాధ్యపడింది. నేటి మంచి రహదారి టైర్ల వెనుక ఉన్న రసాయన సూత్రం ఇదే.

3. రెండు పనులు – రెండు ఉష్ణోగ్రతలు:

ఒకే మలుపును 60 కిలోమీటర్ల వేగంతో కాక 120 కిలోమీటర్ల వేగంతో తిరిగితే టైరు భరించవలసిన పార్శ్వబలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. ట్రాక్‌పై ఇటువంటి బలాలు విరామం లేకుండా వస్తాయి. రహదారి కోసం చేసిన టైరు అక్కడ కొన్ని చుట్లలోనే మితిమీరి వేడెక్కి, రబ్బరు మెత్తబడి, పట్టు కోల్పోతుంది. కొత్త టైరులో సాధారణంగా 8 మిల్లీమీటర్ల వరకు లోతుండే ట్రెడ్ దిమ్మెలు మలుపులో అటూ ఇటూ వంగి మరింత వేడిని పుట్టిస్తాయి. ఒక్కోసారి అంచుల నుంచి ముక్కలు ఊడిపోతాయి.

ట్రాక్ కోసం చేసే సెమీ స్లిక్ టైరు ఈ వేడిని తట్టుకుంటుంది. దాని ట్రెడ్ తక్కువ లోతు గలది, గాడులు తక్కువ. కానీ దానికి వేడి అవసరం కూడా. వేడెక్కనంతవరకు అది తన పూర్తి పట్టునివ్వదు. న్యాల్‌కల్, కోహీర్ పరిసరాలు శీతకాలంలో తెలంగాణలోని అత్యల్ప ఉష్ణోగ్రతలు నమోదయ్యే ప్రాంతాలలోనివి. తెల్లవారుజామున ఉష్ణోగ్రత ఒక్కంకెకు పడిపోయిన రోజున, ఊరి దారిలో 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారులో ఆ టైరు వేడెక్కే అవకాశమే లేదు. ట్రాక్‌పై దానికి బలమైన గుణం ఇక్కడ బలహీనతగా మారుతుంది.

4. నీరు, బురద:

తడిలో తేడా మరింత తీవ్రమవుతుంది. రోడ్డుపై నిలిచిన నీటిని గాడులు బయటకు పంపలేనప్పుడు టైరు నీటిపై తేలుతుంది. 1963లో నాసా పరిశోధకులు హార్న్, డ్రెహర్ ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఈ తేలే వేగం ప్రధానంగా గాలి పీడనం వర్గమూలాన్ని అనుసరిస్తుంది. విమానాల టైర్ల పరిశీలనలో రూపొందిన ఆ సూత్రం ట్రెడ్ అరిగిన లేదా నీటి లోతు ట్రెడ్ లోతును మించిన పరిస్థితికి వర్తిస్తుంది. దాని ప్రకారం 32 పి.ఎస్.ఐ. గాలి గల టైరు సుమారు 94 కిలోమీటర్ల వేగం వద్ద తేలుతుంది. జాతీయ రహదారిపై ఇది అసాధారణమైన వేగం కాదు.

ఇక్కడ ఒక వైరుధ్యం గమనించదగినది. సగం అరిగిన రహదారి టైరు పొడి ట్రాక్‌పై కొత్తదానికన్నా నిలకడగా ప్రవర్తిస్తుంది. దిమ్మెలు పొట్టివై తక్కువగా వంగుతాయి. అదే టైరు వానలో కొత్తదానికన్నా ప్రమాదకరం. కార్ల టైర్లకు చట్టం నిర్దేశించిన కనీస ట్రెడ్ లోతు 1.6 మిల్లీమీటర్లు. అది చట్టపు చివరి హద్దే తప్ప వానాకాలపు భద్రతకు హామీ కాదు.

న్యాల్‌కల్ ప్రాంతంలో నల్లరేగడి నేలలు ఉన్నాయి. తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయే ఈ నేల పైనున్న రోడ్డును పగులగొడుతుంది. పొలాల నుంచి వచ్చే ట్రాక్టర్ల చక్రాలు ఆ జిగట మన్నును తారురోడ్డు మీదికి మోసుకొస్తాయి. తొలకరి జల్లుకు అది పలుచని పొరగా మారినప్పుడు గాడులు తక్కువగా ఉన్న టైరుకు నేల అందదు.

5. గాలి పీడనం – కనబడని ప్రమాదం:

ట్రాక్‌కు వెళ్లేవారు తరచుగా విస్మరించే అంశం ఇది. 30 డిగ్రీల వద్ద 32 పి.ఎస్.ఐ. నింపిన టైరు ట్రాక్‌పై 80 డిగ్రీలకు చేరితే, వాయు నియమం ప్రకారం పీడనం దాదాపు 40 పి.ఎస్.ఐ. అవుతుంది. అప్పుడు టైరు ఉబ్బి, స్పర్శతలం తగ్గి, కారు జారడం మొదలవుతుంది. అందువల్ల చుట్ల మధ్య గాలి తీయడం వాడుక. ఉదాహరణకు వేడి టైరులోని పీడనాన్ని 34కు దించారనుకుంటే, సాయంత్రానికి టైరు చల్లబడి 30 డిగ్రీలకు చేరేసరికి మిగిలేది సుమారు 27 పి.ఎస్.ఐ. మాత్రమే.

ఆ స్థితిలోనే తిరుగు ప్రయాణం మొదలుపెడితే రెండు ప్రమాదాలు ఎదురవుతాయి. తక్కువ గాలి గల టైరు పక్కగోడలు ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగి, లోలోపల వేడెక్కుతాయి. సుదీర్ఘ ప్రయాణంలో, నిండు బరువుతో, అది టైరు పేలడానికి దారితీయవచ్చు. వాన పడితే, పైన చెప్పిన సూత్రం ప్రకారం, తేలే వేగం 94 నుంచి 87 కిలోమీటర్లకు పడిపోతుంది. ట్రాక్ నుంచి బయటికి వచ్చే ముందు, టైర్లు చల్లబడిన తరువాత, వాహన తయారీదారు సూచించిన పీడనానికి గాలి నింపడం ఎంత ఖరీదైన టైరును కొనడంకన్నా ముఖ్యమైన చర్య.

6. పరిమాణం, గుర్తులు:

టైరు పక్కన ఉండే 205/55 ఆర్ 16 91 వి అనే గుర్తులో 205 వెడల్పు మిల్లీమీటర్లలో, 55 వెడల్పులో పక్కగోడ ఎత్తు శాతం, ఆర్ రేడియల్ నిర్మాణం, 16 రిమ్ వ్యాసం అంగుళాలలో, 91 భార సూచిక అనగా 615 కిలోలు, వి వేగ సూచిక అనగా గంటకు 240 కిలోమీటర్లు. కొత్త టైరు భార, వేగ సూచికలు వాహన తయారీదారు నిర్దేశించిన వాటికన్నా తగ్గరాదు.

మలుపులో చురుకుదనం కోసం కొందరు 225/40 ఆర్ 18కు మారతారు. మొత్తం వ్యాసం 632 నుంచి 637 మిల్లీమీటర్లకు మాత్రమే మారుతుంది. కానీ పక్కగోడ 113 నుంచి 90 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. గుంతలో దిగినప్పుడు రిమ్‌ను కాపాడే రబ్బరు మెత్త అంతమేరకు పోతుంది. పగుళ్ల రోడ్లపై రోజూ తిరిగే కారుకు ఈ మార్పు మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

కొన్ని టైర్లపై ట్రెడ్‌వేర్ అంకె ఉంటుంది. ప్రామాణిక టైరును 100గా తీసుకొని ఇచ్చే సాపేక్ష విలువ ఇది. సాధారణంగా 200, అంతకు తక్కువ అంకె గలవి ట్రాక్ వైపు, 300కు పైబడినవి రహదారి వైపు మొగ్గుతాయి. ఈ అంకెను తయారీదారే నిర్ణయిస్తాడు కనుక వేర్వేరు సంస్థల అంకెలను నేరుగా పోల్చడం సరికాదు. తయారైన వారం, సంవత్సరం నాలుగంకెల్లో ఉంటాయి. 2423 అంటే 2023వ సంవత్సరం 24వ వారం. వయసు మీరిన రబ్బరు, వాడకపోయినా, గట్టిపడుతుంది. భారతదేశంలో తడి పట్టు, దొర్లుడు నిరోధం, శబ్దాలకు సంబంధించిన ప్రమాణాలను కేంద్రం 2022లో నోటిఫై చేసింది.

7. హైదరాబాద్ ఫార్ములా ఈ అనుభవం:

ఒకే టైరుతో రెండు పనులు చేయించడం ప్రపంచ స్థాయి పోటీలలోనూ ఉంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరాన, సుమారు 2.83 కిలోమీటర్ల వీధి ట్రాక్‌పై భారతదేశపు తొలి ఫార్ములా ఈ పోటీ జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ విజేతగా నిలిచాడు. ఫార్ములా వన్‌లో పొడికి గాడులు లేని టైర్లు, తడికి గాడులున్న టైర్లు వేరువేరుగా ఉంటాయి. ఆ పోటీ జరిగిన 2023 నాటి ఫార్ములా ఈలో మాత్రం ఎండకూ వానకూ హాంకూక్ సంస్థ తయారుచేసిన గాడుల టైరు ఒక్కటే ఉండేది. పొడి ట్రాక్‌పై గరిష్ఠ పట్టును కొంత వదులుకొని, అన్ని పరిస్థితులలోనూ నమ్మదగిన పట్టును ఎంచుకోవడం ఇందులోని సూత్రం. నగర వీధులలో పరుగెత్తే పోటీకి తగిన ఆ రాజీ, నగర వీధులలో రోజూ తిరిగే కారుకు మరింత తగినది.

8. ఎంపిక క్రమం:

పై అంశాలను బట్టి ఎంపిక మూడు స్థాయిలుగా తేలుతుంది. ఏడాదికి ఒకటి రెండు రోజులు ట్రాక్‌కు వెళ్లేవారికి, కారుతో వచ్చిన పరిమాణంలోనే, తడి పట్టు బాగున్న పెర్ఫార్మెన్స్ రహదారి టైరు సరిపోతుంది. వేడెక్కినప్పుడు రెండు మూడు చుట్లు నెమ్మదిగా తిరిగి చల్లార్చుకోవడం నేర్చుకోవాలి. నాలుగైదు రోజులు వెళ్లేవారు పక్కగోడ గట్టిగా ఉండి, గాడులు తగినంతగా ఉన్న అధిక పట్టు టైరును ఎంచుకోవచ్చు. అది త్వరగా అరుగుతుందని, వానాకాలానికి ముందే దాని లోతు కొలవాలని గుర్తుంచుకోవాలి. అంతకు మించి వెళ్లేవారికి ఒకే టైరు అన్న ఆలోచనే సరికాదు. ట్రాక్ కోసం వేరే రిమ్‌లపై మరో జత టైర్లను సిద్ధం చేసుకోవడమే భద్రం. దీర్ఘకాలంలో ఖర్చు కూడా అదుపులో ఉంటుంది.

9. ముగింపు:

ట్రాక్‌పై పట్టు తప్పితే కారు మట్టిలోకి పోయి ఆగడానికి ఖాళీ స్థలం ఉంటుంది. అక్కడ ఎదురుగా వచ్చే వాహనం ఉండదు. జహీరాబాద్ దారిలో వాన చీకటిలో పట్టు తప్పితే ఎదుట లైట్లు లేని ట్రాలీ ఉండవచ్చు, రోడ్డు పక్కన నడిచే మనుషులు ఉండవచ్చు. ట్రాక్‌పై సరిపోని టైరు వల్ల పోయేది కొన్ని సెకన్లు. రహదారిపై సరిపోని టైరు వల్ల పోయేవి ప్రాణాలు. కాబట్టి రెండు పనులకు ఒకే టైరు కొనేవారు దానిని ఉత్తమ చుట్టు సమయాన్ని బట్టి కాక, తమ దారిలో వచ్చే అత్యంత కఠినమైన దినాన్ని బట్టి ఎంచుకోవడమే శాస్త్రీయమైన ఎంపిక అవుతుంది.