తల గాయాలలో అత్యవసర శస్త్రచికిత్స

తలకు బలమైన దెబ్బ తగిలి మెదడు దెబ్బతినుటను మెదడు గాయం అని, వాడుకలో హెడ్ ఇంజురీ అని అందురు. రోడ్డు ప్రమాదాలు, మేడల నుండి, మెట్ల నుండి పడిపోవుట, కొట్లాటలు దీనికి ముఖ్య కారణాలు. ఇట్టి రోగులందరికీ పుర్రె తెరచి ఆపరేషన్ చేయవలసివచ్చునన్న భయం జనంలో కలదు. వాస్తవానికి అత్యధికులకు ఆ అవసరం రాదు. అవసరమైన కొద్దిమందికి మాత్రం కొన్ని గంటల ఆలస్యం కూడా ప్రాణాంతకం కాగలదు.

ఎంతమందికి అవసరం

గాయం తీవ్రతను గ్లాస్గో కోమా స్కేలుతో కొలుస్తారు. 1974లో గ్రాహం టీస్‌డేల్, బ్రయన్ జెన్నెట్ అను వైద్యులు రూపొందించిన ఈ పద్ధతిలో కళ్ళు తెరచుట, మాట్లాడుట, కాళ్ళుచేతులు కదల్చుట అను మూడు అంశాలకు మార్కులు వేస్తారు. 13 నుండి 15 వరకు స్వల్ప గాయం, 9 నుండి 12 వరకు మధ్యస్థం, 8 లేక అంతకు తక్కువైతే తీవ్రం.

స్వల్ప గాయాల విషయమై కెనడాలోని పది ఆసుపత్రులలో జరిగిన ఒక పెద్ద పరిశీలన 2001లో ప్రచురితమైనది. కొంతసేపు స్పృహ తప్పిన, జరిగినది మరచిన లేక తికమకపడిన 3,121 మందిలో న్యూరోసర్జరీ అవసరమైనవారు 44 మంది, అనగా నూటికి ఒకరు. తీవ్ర గాయాలలో పరిస్థితి వేరు. మెదడుపై పొర క్రింద రక్తం గడ్డకట్టుట (సబ్‌డ్యూరల్) ఒక్కటే వీరిలో 12 నుండి 29 శాతం మందిలో కనిపించునని వివిధ పరిశీలనలు తెలుపుచున్నవి.

అయితే ఏదైనా ఒక పెద్దాసుపత్రి లెక్కను చూసి రోగులందరి సంగతి నిర్ణయించరాదు. జిల్లాలనుండి ముదిరిన కేసులే పంపబడు చోట ఆపరేషన్ల శాతం సహజంగానే ఎక్కువగా కనిపించును.

ఆపరేషన్ ఎప్పుడు

సి.టి. స్కాన్‌లో పుర్రెకు, పొరకు మధ్య (ఎపిడ్యూరల్) గడ్డ 30 ఘన సెంటీమీటర్లు మించినా, సబ్‌డ్యూరల్ గడ్డ మందం 10 మి.మీ. దాటినా, మెదడు మధ్యరేఖ 5 మి.మీ.ల కంటే ఎక్కువ ప్రక్కకు జరిగినా గడ్డను తీసివేయవలెనని 2006 నాటి అమెరికా మార్గదర్శకాలు సూచించినవి. కోమాలోనున్న సబ్‌డ్యూరల్ రోగులలో నాలుగు గంటలలోపు ఆపరేషన్ జరిగినవారిలో 30 శాతం, ఆపై జరిగినవారిలో 90 శాతం మరణించినట్లు 1981లో ఒక పరిశీలన తెలిపినది. తరువాతి పరిశీలనలలో ఇంతటి తేడా అన్నిచోట్లా కనబడలేదు.

ఎపిడ్యూరల్ గడ్డ మోసకారి. కణత ఎముక విరిగి లోపలి ధమని తెగినపుడు రోగి కొంతసేపు మామూలుగా మాట్లాడి, పిమ్మట ఒక్కసారిగా స్పృహ కోల్పోవచ్చును. "బాగానే ఉన్నాడు కదా" అని ఇంటికి తీసుకొనిపోయి పడుకోబెట్టుట ఇందుచేతనే ప్రమాదకరం. పదేపదే వాంతులు, పెరుగుచున్న తలనొప్పి, మగత, ఒక కంటి పాప పెద్దదగుట, ఒకవైపు బలహీనత కనబడినచో వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. స్పృహలేనివారి నోట నీళ్ళు పోయరాదు. అవి ఊపిరితిత్తులలోనికి పోవచ్చును.

పాతబస్తీలో

చార్మినారు నుండి పత్తర్‌గట్టి మీదుగా నయాపూల్ దాటితే ఉస్మానియా జనరల్ ఆసుపత్రి వచ్చును. దూరం రెండు కిలోమీటర్ల లోపే అయినను ఇరుకు గల్లీలు, బజారు రద్దీ వలన ప్రయాణం సులువు కాదు. 1908 మూసీ వరదలో కొట్టుకుపోయిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రికి బదులుగా ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ఇది నిర్మింపబడినది. భవన శిల్పి విన్సెంట్ ఎష్. 2020 జూలైలో వర్షపు నీరు వార్డులలోనికి చేరుటతో పాత భవనాన్ని ఖాళీచేసి మూసివేసిరి. గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగినది.

108 అంబులెన్సు సేవ రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న ప్రారంభమైనది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో న్యూరోసర్జరీ కూడా చేరినది. ప్రమాద బాధితులను ఆసుపత్రికి చేర్చినవారిని వేధించరాదని 2016లో సుప్రీంకోర్టు ఆమోదించిన నిబంధనలకు 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో స్థానం లభించినది. పోలీసు కేసు భయంతో జనం చుట్టూ చేరి చూచుచు నిలబడుట నేటికీ పూర్తిగా పోలేదు.

ఆపరేషన్ లేని చికిత్స

గడ్డ చిన్నదైనచో రోగిని పరిశీలనలో ఉంచి, శ్వాస, రక్తపోటు, ఆక్సిజన్ సరిచూచుచు, అవసరమైనపుడు స్కాన్ మరల తీయుదురు. 2019లో వెలువడిన క్రాష్-3 అను అంతర్జాతీయ పరిశీలనలో మూడు గంటలలోపు ట్రానెగ్జామిక్ ఆమ్లం ఇచ్చుట స్వల్ప, మధ్యస్థ గాయాలలో మరణాలను కొంత తగ్గించినట్లు, తీవ్ర గాయాలలో అట్టి ప్రయోజనం లేనట్లు తేలినది.